రోగికి చెప్పని మాట

జబ్బు ఎవరిది? ఒళ్లు ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కటే. ఐనా మన ఇళ్లలో జబ్బు ముదిరిందన్న సంగతి అందరికన్నా ఆఖరున తెలిసేది ఆ మనిషికే. చాలాసార్లు తెలియకుండానే పోతారు కూడా. దీన్ని మనం ప్రేమ అంటున్నాం. ప్రేమేనా?

రాష్ట్రం వెలుపల ఉన్న మనవాళ్లకి ఇందులో మరో చిక్కుంది. ఆసుపత్రిలో మాట కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో సాగుతుంది. కాగితాలు ఇంగ్లీషు. సంతలో బేరమాడేంత భాష ఉన్న పెద్దవాళ్లకి, రోగం కాలేయానికి పాకిందని డాక్టరు చెబితే అందే భాష ఉండకపోవచ్చు. అందుకని కొడుకో, మనవరాలో దుబాసీ అవుతారు. దుబాసీ గడప దాటేసరికి వార్త సగానికి సగం తరిగిపోతుంది.

కోలారు వైపు మా దూరపు బంధువు ఒకావిడని బెంగుళూరులో ఓ పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు కొడుకుని బయటికి పిలిచి, కన్నడంలో, నెలల్లో లెక్కపెట్టుకోమన్నాడు. కొడుకు లోపలికొచ్చి "ఏం లేదులేమ్మా, గ్యాస్ట్రిక్" అన్నాడు. ఆవిడ తల ఊపింది. ఆ మర్నాడే కోడల్ని పిలిచి బీరువా తాళాలు ఎక్కడున్నాయో, పాలవాడికి ఎంత బాకీయో చెప్పింది. అంటే తెలిసిందన్నమాట. ఆవిడకి తెలిసిందని వాళ్లకీ తెలుసు. ఐనా చివరిదాకా గ్యాస్ట్రిక్ నాటకం అందరూ కలిసి ఆడారు. ఆ నాటకంలో ఆవిడ అడగవలసిన ప్రశ్నలు అడగలేకపోయింది. "ఇంటికి తీసుకుపోతారా?" అన్నది అందులో మొదటిది.

నిజం చెబితే మనిషి కుంగిపోతాడంటారు. కొందరు కుంగిపోతారు, కాదనను. వినడం ఇష్టంలేని మనిషి చెవిలో రోగం పేరు అరిచి చెప్పమని ఎవరూ అనరు. "నాకేం చెప్పకండి, మీరే చూసుకోండి" అనే హక్కు కూడా రోగిదే. కాని ఆ మాట రోగి నోట రావాలి. "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అన్న ఒక్క ప్రశ్న, ఆవిడ మాట్లాడే భాషలో, ఎవరైనా అడిగారా? అడగకుండానే ఆవిడ తట్టుకోలేదని మనం తీర్మానించేస్తాం. చాలా ఇళ్లలో తట్టుకోలేనిది చెప్పవలసిన వాళ్లే.

చట్టం ఈ విషయంలో మనకన్నా ముందుకు నడిచింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ముందస్తు వైద్య నిర్దేశం రాసుకునే వీలు కల్పించింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఆ తతంగానికి జడిసి రాసుకున్నవాళ్లు తక్కువ. 2023 జనవరిలో సులువు చేశారు: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. స్పృహలో ఉన్నంతకాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అమలు చేసేముందు రెండు వైద్య బృందాలు విడివిడిగా పరిశీలించాలి. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న దీన్ని అమలు పరచమని ఆదేశం ఇచ్చింది. ఇంజెక్షనిచ్చి ప్రాణం తీయడం వేరు, అది నేటికీ నేరమే. బాగుచేయలేని యంత్రాన్ని తొలగించి జబ్బుని దాని దారిన పోనివ్వడం వేరు.

అరుణా షాన్‌బాగ్ సంగతి గుర్తుండే ఉంటుంది. కర్ణాటక నుంచి బొంబాయి వెళ్లి నర్సుగా పనిచేస్తూ 1973లో దాడికి గురై, 2015లో పోయేదాకా కె.ఇ.ఎం. ఆసుపత్రిలోనే మంచంమీద ఉంది. ఆహారం ఆపాలని ఒక రచయిత్రి కోర్టుకెళ్లారు. ఏళ్ల తరబడి సాకిన నర్సులు వీల్లేదన్నారు. 2011లో కోర్టు నర్సుల మాటే విన్నది. ఇరువైపులా ప్రేమే ఉంది. ఆవిడ మాట మాత్రం ఎవరి దగ్గరా లేదు.

మాట లేనిచోట డబ్బు మాట్లాడుతుంది. వెంటిలేటరు మీద రోజుకింత అని బిల్లు పెరుగుతూంటే పొలం అమ్ముతారు. ఇక అమ్మడానికేమీ లేనప్పుడు, డాక్టరు సలహాకి విరుద్ధంగా మేమే తీసుకుపోతున్నామని సంతకం పెట్టి ఇంటికి తెస్తారు. నొప్పికి మందు ఉండదు, ఊపిరాడక కొట్టుకుంటే ఏం చేయాలో చెప్పేవాళ్లుండరు. తులసి తీర్థం పోసే చేతులున్నాయి గాని మింగే గొంతు లేదు. ఇదే నిర్ణయం నెల ముందు రోగిని అడిగి తీసుకుని ఉంటే, మార్ఫిన్ ఎలా ఇవ్వాలో నేర్చుకుని, మంచం వాకిట్లో వేసుకుని ఉండేవాళ్లు. కాలికట్‌లో 1993లో మొదలైన ఉపశమన చికిత్స కేరళలో ఇంటింటికీ వెళ్లే పనిగా మారింది. మన జిల్లాల్లో అడిగితే, అదేమిటి అని ఎదురు ప్రశ్న వేస్తారు.

ఆ నిర్దేశం ఫలానా భాషలోనే ఉండాలన్న నిబంధన తీర్పుల్లో లేదు. తెలుగులో రాసుకోవచ్చు. ఐతే పక్కనే కన్నడంలోనో, ఇంగ్లీషులోనో తర్జుమా జతచేసుకోవడం మంచిది, అర్ధరాత్రి ఐ.సి.యు.లో ఉన్న డ్యూటీ డాక్టరు చదవగలగాలి కదా.