మెల్లని గాలిని నమ్మవద్దు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారమైన మనకు సముద్రము దూరము. అయినను మన బిడ్డలనేకులు దాని కావల, గల్ఫు దేశములలో కష్టపడుచున్నారు.

చలిదేశపు సముద్రము తన అపాయమును దాచదు. అందులో పడినవాని చేతులు కొద్ది నిమిషములలోనే పట్టు తప్పును. గనుక నావికుడు ముందే జాగ్రత్తపడును. మన వెచ్చని సముద్రము నెమ్మదిగా తోచును. అయితే ఆ వెచ్చదనమే తుపానుకు బలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అట్టి తుపానుదే.

పౌలు ఎక్కిన ఓడవారును మెల్లని దక్షిణపు గాలిని నమ్మి అతని హెచ్చరికను లక్ష్యపెట్టలేదు, ఓడ బద్దలాయెను. దేవుని కృపచేత ప్రాణములు మాత్రము దక్కెను.

మనమును కష్టకాలమందు మోకరింతుము. గల్ఫు సొమ్ము చేతికందగానే ప్రార్థన మరతుము. మెల్లని గాలి వీచునప్పుడే ప్రభువును ఆశ్రయింతము. ఆమేన్.