ఇయర్‌బడ్స్‌కి చిక్కని గాలి

నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ కొన్నాను. రాయదుర్గం మెట్రోలో విష్ణు సహస్రనామం పెట్టుకుంటే రైలు రొద దాదాపు మాయం! బయటి శబ్దాన్ని మైక్ పట్టుకుంటుంది, చిప్ దానికి ఎదురు తరంగాన్ని పుట్టిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంజినీరుని కదా, ముచ్చటేసింది. (ధర మాత్రం ముచ్చటగా లేదండోయ్!)

కానీ ప్లాట్‌ఫామ్ మీద గాలి వీస్తే నేరుగా మైక్‌నే కొడుతుంది, చెవిలో ఒకటే బరబర. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మనసును పోల్చింది గాలితోనే! అదుపు చేయడం చాలా కష్టమన్నాడు. కృష్ణుడు తిట్టలేదు. కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అనే రెండు దారులు చూపించాడు.

చెవిలో నామాలు నడుస్తున్నా మనసు ఆఫీసు మీటింగులోనే ఉంటోంది. అందుకే ఈ వారం నుంచి పది నిమిషాలు బడ్స్ తీసేసి, నామం నేనే మెల్లగా పలుకుతున్నాను. నిన్న అమీర్‌పేట వచ్చేలోపు మూడుసార్లు జారింది, మూడుసార్లూ వెనక్కి తెచ్చుకున్నాను.