సంకల్పములో మన చోటు

సత్యనారాయణవ్రతమైనను, గృహప్రవేశమైనను, మన యిండ్లలో పురోహితుడు మొదట చెప్పించునది సంకల్పము. పీటలపై కూర్చున్న దంపతులు ఆయన వెంట ఒక్కొక్క మాట పలుకుచు, బ్రహ్మదేవుని ఆయుస్సులోని ద్వితీయ పరార్ధమునుండి శ్వేతవరాహకల్పమునకును, అందుండి వైవస్వత మన్వంతరమునకును, కలియుగ ప్రథమపాదమునకును దిగి, జంబూద్వీపమును భరతవర్షమును పేర్కొని, తాము మేరువునకు ఏ దిక్కున, శ్రీశైలమునకు ఏ మూలనున్నారో విన్నవించి, సంవత్సర మాస తిథి వారములన్నియు ముగిసిన పిమ్మట, చిట్టచివరకు తమ గోత్రమును పేరును చెప్పుకొందురు. అర్థమెఱిగి చెప్పువారు కొలదిమంది. వంటయింటి సందడికి చెవి యొగ్గుచు చెప్పువారే ఎక్కువ. అయినను, సృష్టిలో మానవుని స్థానమేదియని యడిగినవారికి మన పూర్వు లిచ్చిన సమాధానములలో ఇంతకంటె నిక్కమైనది నాకు కానరాలేదు: అనంతమైన యొక చిరునామాలో మనుష్యుడు కడపటి పంక్తి.

కల్పమనగా 432 కోట్ల సంవత్సరములు. నేటి శాస్త్రజ్ఞులు భూమి వయస్సు ఇంచుమించు 454 కోట్లని నిర్ణయించుటచే, మన ఋషు లెంత దగ్గరకు వచ్చిరో చూడుడని ఉపన్యాసకులు పొంగిపోవుచుందురు. నాకా పొంగు లేదు. ఈ కల్పములో ఇంతవఱకు గడచినది పంచాంగకర్తల లెక్కనే 200 కోట్లకు లోపు. అంకెలు చేరువగుట కాకతాళీయము కావచ్చును. కాని వ్రతము చేయబూనిన గృహస్థును ముందుగా అంతటి కాలము నెదుట నిలువబెట్టవలెనను తలంపు కాకతాళీయము కాదు.

ఆ కాలమును కన్నులతో చూడగోరువారు తిరుమల ఘాటురోడ్డున కొండచరియను చూడవచ్చును. అడుగున 210 కోట్ల ఏండ్లకు పైబడిన గ్రానైటు. దానిపై, ఇసుక పేరుకొని గట్టిపడగా ఏర్పడిన నగరి క్వార్ట్జైటు పొరలు. రెంటి నడుమ పదుల కోట్ల ఏండ్ల కాలమునకు గుర్తుగా ఒక్క పొరయైనను లేదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా గుర్తించినది గాని, గోవిందనామము పలుకుచు పోవు యాత్రికులలో అటు తల త్రిప్పువారు అరుదు. ఆ కాలమున వానలు కురిసినవి, రాయి అరిగినది, అరిగిన యిసుక యెటో కొట్టుకొనిపోయినది. సృష్టి సాగుచునే యున్నది, దాని చిట్టా మాత్రము మిగులలేదు. మనుష్యజాతియో, సుమారు 3 లక్షల ఏండ్లనాటిది.

కొండపైకి చేరినవారు ముందుగా పుష్కరిణి గట్టున వరాహస్వామిని దర్శింపవలెనని సంప్రదాయము. క్షేత్రము వరాహునిదనియు, శ్రీనివాసుడు ఆయన నడిగి చోటు పుచ్చుకొని, ప్రతిగా ప్రథమ దర్శనమును ప్రథమ నైవేద్యమును ఆయనకు ఒప్పగించెననియు స్థలపురాణము చెప్పుచున్నది. వైకుంఠము గలవాడే యడిగి నిలిచిన నేలపై, రిజిస్ట్రేషను కాగితము చూపి హద్దురాళ్లు పాతించు మనబోటివారిని గూర్చి ఆ పురాణకర్త యేమనుకొనునో!

ఈ సృష్టి యెచటనుండి వచ్చినదో, పైనుండి దానిని కనిపెట్టువానికి తెలియునో, ఆతనికిని తెలియదో యను సంశయముతోనే ఋగ్వేదము పదవ మండలములోని 129వ సూక్తము ముగియుచున్నది. ఆస్తికులు దానిని త్వరగా దాటిపోదురు. నాస్తికులు తమ పక్షమున సాక్షిగా నిలువబెట్టుదురు. నాకు తోచినంతలో, ఉభయులును ఆ ఋషికి అన్యాయమే చేయుచున్నారు. ఆతడు తీర్పు చెప్పలేదు. తెలియనిదానిని తెలిసినదిగా చెప్పుటకు భక్తి తన్ను నిర్బంధింపదని మాత్రము ఎఱిగినవాడు.

సంకల్పము ముగియగానే మనము కోరునవి కొడుకు ఉద్యోగము, కూతురు పెండ్లి, మోకాళ్ల నొప్పికి ఉపశమనము. కల్పములు మన్వంతరములు లెక్కించి వచ్చినవాడు ఇంత స్వల్పములను యాచించుట చూచి చదువుకొన్నవారు నవ్వుదురు. నేను నవ్వజాలను. తిరుమల చరియలోని ఆ రెండు రాళ్ల నడుమ గడచిన కాలమంతటను కొండకు గాని, దానిని కోసిన నీటికి గాని రేపటిని గూర్చిన కోరిక లేదు. వినువాడున్నాడో లేడో తేల్చుట నా తరము కాదు. ఉన్నచో, అన్ని కోట్ల ఏండ్ల తరువాత ఒకడు గోత్రనామములు చెప్పి తన్ను ఇంత చిన్న సాయ మడుగుట ఆతనికిని క్రొత్తగానే తోచియుండును.