రసీదులో మూగ అక్షరం

రాయచూరు జిల్లాలో, తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు చుట్టుపక్కల, తెలుగువాళ్లు స్థిరపడిన మన క్యాంపుల్లో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ, బ్యాంకులో ఇంగ్లీషు. మొదటి రెండూ పలికినట్టే రాసుకుంటాం. తిప్పలన్నీ మూడోదానితోనే.

‘రిసీట్’ తీసుకోండి. రాతలో చివరి ‘టీ’కి ముందు ‘పీ’ ఒకటి ఉండాలి. నోటికి దానితో పనిలేదు. ధాన్యం చీటీ రాసేటప్పుడు ఆ ‘పీ’ ఎగిరిపోతే నవ్వకండి. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లూ అది లేకుండా రాసినవాళ్లే. లాటిన్ మూలం కనపడాలని పండితులు తరవాత ఇరికించారు. అప్పుకు వాడే ‘డెట్’లో వినపడని ‘బీ’ కథా ఇదే. 1476లో కాక్స్‌టన్ అనే ముద్రాపకుడు ఇంగ్లండులోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా బిగుసుకుంది. పలుకుబడి మాత్రం మారుతూనే పోయింది. ఆ ఎడం ఇప్పుడు మన నెత్తిన పడింది.

అన్ని తప్పులూ ఒకటి కావు. కొట్టు బోర్డు మీద ‘స్టేషనరీ’లో ‘ఈ’ బదులు ‘ఏ’ పడితే ‘కదలనిది’ అని అర్థం. అయినా పెన్సిలు దొరుకుతుంది. అక్కర్లేని ‘అబౌట్’ తగిలించి ‘డిస్కస్ అబౌట్’ అన్నా ఏ పనీ ఆగదు, నన్నడిగితే వదిలేయొచ్చు. అప్పు కాగితంలో అసలును చెప్పే ‘ప్రిన్సిపల్’కు మాత్రం చివర ‘ఏ, ఎల్’ రావాలి. ‘ఎల్, ఈ’ వస్తే అది నియమం అయిపోతుంది. ‘లూజ్’ ఇంకా చిక్కు: ఒక ‘ఓ’ అయితే పోగొట్టుకోవడం, రెండైతే వదులు. కాలువ చివరికి నీళ్లందక పంట పోతుందని అర్జీ పెట్టేవాళ్లు సంతకానికి ముందు ఆ ‘ఓ’లు ఒకసారి చూసుకోండి.