నాన్నా, పీట తేనా?

భాగవతం దశమ స్కంధంలో నాకెంతో ఇష్టమైన ఘట్టం ఒకటుంది. పెద్దవాళ్లు ‘కన్నా, పీట తే, కొలపాత్ర తే, పాదుకలు తే’ అంటే, చిన్ని కృష్ణుడు తెచ్చేవాడు, చేతులు ఊపుతూ మురిపించేవాడు. లోకాలను మోసేవాడికి పీట బరువా! తాను భక్తులకు వశుడినని చూపడానికే ఆ లీల అంటాడు శుకమహర్షి.

నాన్నలూ, ఆఫీసు నుంచి రాగానే ఫోన్ పక్కన పెట్టి ఇదే ఆట ఆడండి. మీ చెప్పులు జతగా పెట్టించండి. చేతులు కడిగించి, నైవేద్యానికి గ్లాసుతో బియ్యం కొలిపించండి. ఒకటి, రెండు లెక్కపెట్టించండి. పూజకి పీట తెమ్మనండి. బియ్యం ఒలికితే కోప్పడకండి, ఇద్దరూ కలిసి ఏరండి. పది నిమిషాలు చాలు.

మూడేళ్ల వయసు మళ్లీ రాదు. మీ పిలుపు కోసం ఇంట్లో ఓ బాలకృష్ణుడు ఎదురుచూస్తున్నాడు.

జై శ్రీకృష్ణ!