భాష గొడవే కదా!

ఎక్కడైనా రెండు భాషలవాళ్లు తలపడితే "అది భాష గొడవలే" అనేసి పక్కకి తప్పుకోవడం తేలిక. నేనూ చాలాసార్లు అలా అనేసినవాడినే. 1837లో దిగువ కెనడాలో, అంటే ఇప్పటి క్యుబెక్‌లో, బ్రిటిష్ పాలన మీద జరిగిన తిరుగుబాటు గురించి చదివాక మాత్రం ఆ మాట అనడానికి జంకుతున్నాను.

అక్కడ ఎక్కువమంది ఫ్రెంచివాళ్లు. వాళ్లు ఎన్నుకున్న శాసనసభ ఉండేది. కానీ దాని బిల్లుల్ని లండన్ పంపిన గవర్నరు గానీ, నామినేట్ చేసిన మండలి గానీ ఆపేయొచ్చు. మండలిలో ఇంగ్లిషు వ్యాపారుల మాటకి బలమెక్కువ. 1834లో పాపినో నాయకత్వంలో సభ 92 తీర్మానాలు చేసి పంపింది. ముఖ్యమైన కోరిక ఒకటే: మండలిని కూడా మేమే ఎన్నుకుంటాం. మూడేళ్లకి జవాబొచ్చింది. కుదరదు, పైగా సభ ఒప్పుకోకపోయినా గవర్నరు ఖజానా డబ్బు వాడుకోవచ్చు అని. ఆ నవంబరులో తుపాకులు పేలాయి.

ఇది భాష గొడవేనా? తిరుగుబాటుదారులు గెలిచిన ఒకే ఒక పెద్ద పోరుకి, సెయింట్ డెనీలో, నాయకుడు వుల్ఫ్రెడ్ నెల్సన్ అనే ఇంగ్లిషు డాక్టరు. అదే డిసెంబరులో ఇంగ్లిషువాళ్ల ఎగువ కెనడా కూడా తిరగబడింది. 1838లో వుల్ఫ్రెడ్ తమ్ముడు రాబర్ట్ చదివిన స్వాతంత్ర్య ప్రకటనలో రెండు భాషలకీ చోటుంది, ఆదివాసులకి సమాన హక్కులున్నాయి. అలాగని భాషకి సంబంధమే లేదనను. అధికారం ఒక భాషలో, జనం ఇంకో భాషలో ఉన్నప్పుడు ఆ రెండు కోపాల్నీ విడదీయడం కష్టం.

విచారణకి వచ్చిన లార్డ్ డర్హమ్ ఐదు నెలలున్నాడు. దుర్మార్గుడేం కాదు, ఉదారవాది. ప్రజాప్రతినిధులకి జవాబుదారీగా ఉండే ప్రభుత్వం కావాలని 1839 నివేదికలో రాసింది ఆయనే. కానీ జబ్బు మూలం మాత్రం రెండు జాతుల వైరం అని తేల్చాడు. ఫ్రెంచివాళ్లకి చరిత్రా సాహిత్యమూ లేవన్నాడు. వాళ్లని ఇంగ్లిషువాళ్లలో కలిపేయడమే వాళ్లకి మేలన్నాడు. నాలుగేళ్ల ముందు మన గురించి మెకాలే అన్నదీ ఇంచుమించు ఇదే.

నన్ను ఇబ్బంది పెట్టేది ఆ "మేలు". మా అమ్మానాన్నలు నన్ను ఇంగ్లిషు మీడియంలో వేసిందీ నా మేలు కోరే. దాంతో నాకు ఉద్యోగం వచ్చింది, తెలుగు కొంత పోయింది. మరి డర్హమ్‌ని తప్పుపట్టే హక్కు నాకుందా?

ఉందనే అనుకుంటున్నాను. మా వాళ్ల నిర్ణయం తప్పయితే ఆ నష్టం మా ఇంట్లోనే ఉంటుంది, నేను వాళ్లతో పోట్లాడగలను. దిగువ కెనడావాళ్లకి ఆ వీలే లేదు. వాళ్ల సభని మూసేశారు. రెండు కెనడాల విలీనానికి వాళ్ల తరఫున సరేనన్నది నామినేట్ అయిన ప్రత్యేక మండలి. జనాభాలో వాళ్లే ఎక్కువైనా కొత్త సభలో రెండు వైపులకీ చెరి 42 సీట్లిచ్చారు. సభ రికార్డుల భాష ఇంగ్లిషు ఒక్కటే చేశారు. నిజంగా మేలే అయితే ఒకసారి అడిగి ఉండొచ్చు. అడిగితే ఏమంటారో తెలుసు కాబట్టే అడగలేదు.

తర్వాత కథ డర్హమ్ అనుకున్నట్టు జరగలేదు. ఆయన లేదన్న చరిత్రని గార్నో 1845 నుంచి సంపుటాలుగా రాశాడు. ఓడిపోయిన లఫోంటెన్‌ని టొరాంటో దగ్గరి ఇంగ్లిషు ఓటర్లు గెలిపించారు. ఇంగ్లిషువాడైన బాల్డ్విన్‌ని రిముస్కీ ఫ్రెంచి ఓటర్లు గెలిపించారు. 1848లో ఆ ఇద్దరూ కలిసి జవాబుదారీ ప్రభుత్వం ఏర్పరిచారు. ఫ్రెంచి మీద నిషేధం కూడా ఆ ఏడే పోయింది. వైరం తీరడానికి ఎవరి భాషా పోవాల్సిన అవసరం రాలేదు.

గొడవకి పేరు పెట్టేవాడే మందు కూడా రాస్తాడు. అధికారం గొడవ అంటే అధికారం పంచాలి. భాష గొడవ అంటే నీ భాష మార్చుకో అంటే సరిపోతుంది. అందుకే ఇప్పుడు "భాష గొడవే కదా" అని నోటిదాకా వచ్చినా, ఆ "కదా" దగ్గర ఆగిపోతున్నాను.