కర్త ఎవరు? చేపు, రక్తపోటు, దాహం

తెలివి లేని ప్రకృతి ఒక ప్రయోజనం కోసం పని చేయగలదా అన్న ప్రశ్న మీద సాంఖ్యులకూ వేదాంతులకూ జరిగిన వాదంలో రెండు పక్షాలూ పట్టుకున్న ఉదాహరణ ఒక్కటే, అది ఆవు పాలు. దూడ పోషణ కోసం అచేతనమైన పాలు ఎలా స్రవిస్తాయో, పురుషుడి విముక్తి కోసం, అంటే సాక్షిగా మాత్రమే ఉండే చైతన్యం విముక్తి కోసం, అచేతనమైన ప్రకృతి అలాగే ప్రవర్తిస్తుందని ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలో చెప్పాడు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో ఈ దృష్టాంతాన్ని ఎదుర్కొన్న శంకరుడు, పాలు తమంతట తాము రావని, చేతనమైన ఆవు దూడ మీది స్నేహంతో వాటిని విడుస్తుందని, పైగా దూడ చీకడం వల్ల అవి బయటికి వస్తాయని బదులిచ్చాడు. పాడి ఎరిగినవారికి ఈ జవాబులోని నిజం వెంటనే తెలుస్తుంది. దూడను విడిస్తే తప్ప చేపని ఆవులూ, కొత్త మనిషి పొదుగు దగ్గర కూర్చుంటే పాలు బిగబట్టే ఆవులూ ఎక్కడైనా ఉంటాయి.

చేపు ఏ దారిన వస్తుందో 1941లో తేలింది. ఈలీ, పీటర్సన్ అనే అమెరికన్ పరిశోధకులు పొదుగులో ఒక సగానికి వెళ్ళే నరాలను తెంచి చూడగా, నరాలున్న సగమూ లేని సగమూ కూడా చేపాయి కాబట్టి ఆజ్ఞ రక్తంలో వస్తోందని అర్థమయింది. ఆవును బెదరగొట్టడానికి వారు మొదట దాని వీపు మీద పిల్లిని ఉంచి కాగితపు సంచులు పేల్చారు. తర్వాత పిల్లి అక్కరలేదని, సంచుల చప్పుడే చాలునని గ్రహించారు. బెదిరిన ఆవు సరిగా చేపలేదు, అడ్రినలిన్ ఎక్కించినా అదే జరిగింది. ఒక చోట పుట్టి, రక్తం వెంట వెళ్ళి, దూరాన ఉన్న అవయవాన్ని నడిపించే పదార్థాన్ని హార్మోన్ అంటారు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి వెనక భాగం నుంచి వచ్చి పాలు దింపే హార్మోన్ పేరు ఆక్సిటోసిన్. అదే చోటు నుంచి వాసోప్రెసిన్ అనే మరో హార్మోన్ వస్తుంది. రెండూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాల గొలుసులే, తేడా రెండు స్థానాల్లోనే. అయినా మొదటిది పాలను దింపుతుంది, రెండోది మూత్రపిండంలో నీటిని ఆపుతుంది. ఆవుకు దూడ మీద స్నేహం ఉందన్నది ఎంత నిజమో, స్నేహమంటే ఏమిటో తెలియని ఒక అణువు మోసుకుపోతే తప్ప ఆ స్నేహం పొదుగును చేరదన్నదీ అంతే నిజం గనుక, పాలతో ఈ వాదం తీరదు. స్నేహానికి చోటే లేని ఉదాహరణ కావాలి, అది మూత్రపిండంలో దొరుకుతుంది.

మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, ఒకటి రెండు లీటర్లు మాత్రం మూత్రంగా వదిలి, తక్కినదంతా రక్తానికే తిరిగి చేరుస్తాయి. తిరిగి చేరే ఉప్పునూ నీటినీ బట్టి రక్తం పరిమాణం, దాన్ని బట్టి దీర్ఘకాలంలో రక్తపోటు నిలుస్తాయి. వడపోత జరిగే చోటికి రక్తం తెచ్చే సన్నని ధమని గోడలో కొన్ని ప్రత్యేక కణాలున్నాయి. ఆ గోడ మీద ఒత్తిడి తగ్గినా, పక్కన ఉన్న నాళికలోకి చేరే ఉప్పు తగ్గినా, నరాల నుంచి ప్రేరణ వచ్చినా అవి రెనిన్ అనే ఎంజైమును విడుస్తాయి. కుందేలు మూత్రపిండాల సారంలో రెనిన్ ఉనికిని స్టాక్‌హోమ్‌లో టీగర్‌స్టెట్, బర్గ్‌మన్ 1898లోనే చూపినా, శాస్త్రలోకం దశాబ్దాల పాటు దాన్ని పట్టించుకోలేదు. కాలేయం తయారు చేసిన ఒక ప్రొటీన్ నుంచి రెనిన్ పది అమైనో ఆమ్లాల ముక్కను కోస్తుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే మరో ఎంజైము అందులో రెండింటిని తొలగిస్తే ఆంజియోటెన్సిన్-2 మిగులుతుంది. అది రక్తనాళాలను బిగించి, మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథుల చేత ఉప్పును ఆపే ఆల్డోస్టెరోన్‌ను విడుదల చేయించి, వాసోప్రెసిన్‌నూ పెంచుతుంది. ఇన్ని అవయవాలు పాలుపంచుకునే ఈ పనిలో ఏ ఒక్కదానికీ మొత్తం తెలియదు. నెత్తురు పోయి స్పృహ తప్పిన మనిషిలో కూడా ఇదంతా సాగిపోతుంది.

స్పృహ తప్పిన మనిషిలో ప్రయత్నిస్తున్నది ఎవరన్న ప్రశ్నకు వైశేషికుల దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. ఆత్మ గుణాల్లో ఒకటైన ప్రయత్నాన్ని ప్రశస్తపాదుడు రెండుగా విభజించాడు: కోరిక వల్లనో ద్వేషం వల్లనో పుట్టేది ఒకటి, జీవించి ఉండడం వల్లనే పుట్టి నిద్రలో కూడా ఊపిరిని నడిపేది రెండోది. తర్వాతి నైయాయికులు ఈ రెండోదానికి జీవనయోని ప్రయత్నమని పేరు పెట్టి, అది ఎవరి అనుభవానికీ అందదని చెప్పారు. చేతనకూ శరీరానికీ మధ్య ఉన్న చీకటి ప్రాంతాన్ని గుర్తించి దానికొక పేరు పెట్టడం చిన్న సాధన కాదు. అయితే ఆ ప్రయత్నం జీవుడి మేలు కోసమే నడుస్తుందన్న నమ్మకం ఈ జవాబు వెనక ఉంది, దాన్ని పరీక్షించక తప్పదు.

పరీక్ష 1934లో క్లీవ్‌లాండ్‌లో జరిగింది, అది దర్శనాల కోసం చేసినది కాకపోయినా. హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనికి మర ఉన్న చిన్న వెండి క్లాంపు తగిలించి రక్తం కొద్దిగా మాత్రమే పారేలా బిగించాడు. శరీరమంతటా రక్తపోటు పెరిగింది. క్లాంపుకు అవతల ఉన్న మూత్రపిండానికి అందే ఒత్తిడి తగ్గింది కాబట్టి, ఒళ్ళంతా ఒత్తిడి తగ్గినప్పుడు ఏం చేయాలో అదే చేసింది, రెనిన్ విడిచింది. ఒక వైపే బిగించినప్పుడు రెండో మూత్రపిండం తన రెనిన్‌ను తగ్గించుకుని అదనపు ఉప్పును బయటికి పంపబోతుంది గానీ, మొదటిదాని వల్ల పుట్టిన ఆంజియోటెన్సిన్ దానికి అడ్డుపడుతుంది. ఇందులో ఏ కణమూ తన ధర్మం తప్పలేదు, అయినా ప్రాణికి కీడే జరిగింది. గుండె బలహీనపడిన రోగిలో జరిగేదీ ఇటువంటిదే: పంపు సరిగా పనిచేయక రక్తం అందకపోతే, నెత్తురు పోయిందన్నట్టుగానే మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఆపుతాయి, కాళ్ళు వాస్తాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మోయలేని గుండె మీద ఇంకొంత బరువు పడుతుంది.

దీన్ని బట్టి చూస్తే సాంఖ్యుల మాటలో సగం నిలుస్తుంది. అచేతనం ఎంతో నేర్పుగా పని చేయగలదు; అది పురుషుడి కోసం పని చేస్తుందన్న రెండో సగానికి మాత్రం ఆధారం లేదు, ఎందుకంటే ఆ కణాలు కాపాడేది తమ దగ్గరి కొలతనే. అచేతన పదార్థాలు చేతనుడి పర్యవేక్షణ లేకుండా కార్యం వైపు కదలవని వాదించి ఈశ్వరుణ్ణి సాధించిన నైయాయికుడు ఉదయనుడి తర్కానికీ ఇక్కడ ఇబ్బందే, ఎందుకంటే ప్రాణం నిలిపే క్రమాన్ని పర్యవేక్షకుడికి సాక్ష్యంగా చూపితే, అడుగు తప్పకుండా అదే క్రమంలో జరిగిన కీడునూ అతడి ఖాతాలోనే వేయాలి. అది జీవుడి అదృష్టమని, అంటే పూర్వకర్మ ఫలమని నైయాయికుడు సమాధానపడవచ్చు. కాని కంటికి కనిపించే కారణం క్లాంపు మర దాకా తెలిసిన చోట అదృష్టానికి పని ఏముంది?

అసలు చిక్కు దాహంతో వస్తుంది. 1970లో ఎప్‌స్టీన్, ఫిట్జ్‌సైమన్స్, రోల్స్ అనే పరిశోధకులు నీటి కొరత లేని ఎలుకల మెదడులోకి ఆంజియోటెన్సిన్ ఎక్కించగానే అవి కొద్ది నిమిషాల్లో నీళ్ళు తాగసాగాయి. రక్తంలోని పదార్థాలను మెదడులోకి రానివ్వని అడ్డు కొన్ని చిన్న చోట్ల ఉండదని, అలాంటి ఒక చోటనే ఈ హార్మోన్ దాహాన్ని రేపుతుందని తర్వాత తెలిసింది. మూత్రపిండంలో ఎవరికీ తెలియకుండా మొదలైన పని ఇక్కడ ‘నాకు నీళ్ళు కావాలి’ అన్న కోరికగా మారుతుంది గనుక, ప్రశస్తపాదుడు గీసిన రెండు ప్రయత్నాల మధ్య గీత చెరిగిపోతుంది. ఆకలి దప్పులను ప్రాణానికీ, శోకమోహాలను మనసుకూ, జరామరణాలను దేహానికీ పంచిన వేదాంతుల షడూర్మి విభజన ఈ విషయంలో వాస్తవానికి మరింత దగ్గరగా ఉంది. కాని నిర్జల ఏకాదశి పాటించేవారూ, రంజాన్ ఉపవాసం ఉండేవారూ అదే దాహం ఎంత వేధించినా సాయంత్రం దాకానో మరునాటి దాకానో నీళ్ళు ముట్టరు. దాహం పుట్టించడంలో మనిషికి కర్తృత్వం లేదు. తాగడంలో, మానడంలో ఉంది.

ఈ కర్తృత్వం ఎంత చిన్నదైనా దానికి పని ఉంది. నీరు తగ్గితే దాహంతో కబురు పెట్టే శరీరం, రక్తపోటు ఏళ్ళ తరబడి మితిమీరినా చాలామందికి ఏ బాధా తెలియనివ్వదు. లోపలి నుంచి తెలియని దాన్ని చేతికి పట్టీ చుట్టి కొలిపించుకునే తెలుసుకోవాలి. ఆంజియోటెన్సిన్‌ను తయారు చేసే ఎంజైమును ఆపే మాత్రలు 1981 నుంచి వైద్యుల చేతిలో ఉన్నాయి. కొలిపించుకోవడం, అవసరమైతే మాత్ర వేసుకోవడం, ఉప్పు తగ్గించుకోవడం ఇచ్ఛాపూర్వక ప్రయత్నానికి చెందిన పనులు; వాటిని ప్రకృతి చేయదు, ఈశ్వరుడికి అప్పగించినా జరగవు.